దాంపత్యంలో చెప్పుకోని చింత

పెండ్లిండ్ల నెలలలో యాదగిరిగుట్టకు పోయినవారికి ఒక దృశ్యం బాగా పరిచయమై ఉంటుంది. పసుపు ఆరని బట్టలతో, కొంగులు ముడివేసుకొన్న క్రొత్త జంటలు సత్యనారాయణ వ్రతానికి వరుసగా పీటలమీద కూర్చుంటారు. వెనుక తల్లిదండ్రులు, మేనమామలు, వదినలు, మరదళ్ళు. పురోహితుడు కథ చెబుతూ ఉంటే వరుడు తల వంచుకొని వింటాడు, వధువు అక్షతలు సర్దుకొంటుంది. ఏడాది తిరిగేసరికి ఆ ఇంట తొట్టెల కట్టవలెనని పెద్దలు దీవిస్తారు. వ్రతం ముగిసి, ప్రసాదం తీసుకొని, జంట కొండ దిగి ఇంటి దారి పడుతుంది.

ఆ దారి ప్రక్కన గోడలున్నవి. ఆ గోడలమీద, విద్యుత్ స్తంభాలమీద, బస్సు స్టాండ్ల మరుగుదొడ్ల తలుపులమీద మన ప్రాంతమంతటా ఒక తీరు కాగితాలు అంటించి ఉంటాయి. గుప్తరోగాలు, నరాల బలహీనత, శీఘ్రస్ఖలనం, గ్యారంటీ చికిత్స, ఫలానా లాడ్జిలో, ఫలానా వారం దర్శనం. క్రొత్త పెండ్లికొడుకు బస్సు కిటికీ నుండి ఆ అక్షరాలను చూస్తాడు. ప్రక్కన భార్య చూచినదేమోనని వెంటనే మొగం త్రిప్పుకొంటాడు. అతని మనస్సులోని చింతకు ఆ కాగితం ఒక పేరు పెట్టినది. ఆ పేరు అతనికి తల్లి చెప్పలేదు, తండ్రి చెప్పలేదు, బడిలో గురువు చెప్పలేదు. గోడ చెప్పినది.

ఈ చింతను గురించే ఈనాటి ప్రసంగం. ఇంటిల్లిపాది కూర్చుండి వినే రేడియోలో ఈ మాట పలుకవచ్చునా అని కొందరికి సంకోచం కలుగవచ్చు. గోడమీద నలుగురూ చదువునట్లు వ్రాసిన మాటను, తెలిసిన రీతిలో నాలుగు మాటలుగా చెప్పుటకు సంకోచమెందుకు? మనం మౌనంగా ఉన్నంతకాలం మాట్లాడేది ఆ గోడలే.

మొదట ఆ మాటకు అర్థం తెలుసుకొందాము. సంభోగంలో పురుషుడు తాను కోరుకొన్న దానికంటె ముందుగా, తన స్వాధీనం లేకుండ స్ఖలించుట శీఘ్రస్ఖలనం. ఇది క్రొత్తగా పుట్టిన సంగతి కాదు. వాత్స్యాయనుడు కామసూత్రాలలో పురుషులను కాలాన్ని బట్టి శీఘ్రులు, మధ్యములు, చిరకాలులు అని మూడు తరగతులుగా చెప్పినాడు. అందులో శీఘ్రుని పాపి అనలేదు, అసమర్థుడని వెలివేయలేదు. మనుష్యులలో అదొక తీరు అన్నాడు. చరకసంహిత వాతదోషం శుక్రధాతువును చేరినప్పుడు కలిగే లక్షణాలలో త్వరగా స్ఖలించుటను కూడ చేర్చినది. పూర్వులు ఈ విషయాన్ని శాస్త్రంగా చర్చించినారు. సిగ్గుతో మూటగట్టి మూల పడవేసినవారు తరువాతివారు.

ఇది ఎందరికి ఉన్నది? ఈ ప్రశ్నకు జవాబు, మనం ప్రశ్నను ఎట్లా అడిగినామనే దానిమీద ఆధారపడుతుంది. అమెరికాలో 18 నుండి 59 ఏండ్ల వయస్సు వారిని అడిగి, 1999లో ప్రచురించిన ఒక సర్వేలో, గడచిన సంవత్సరంలో తమకు ఈ ఇబ్బంది కలిగినదని చెప్పిన పురుషులు నూటికి దాదాపు ముప్పది మంది. అనేక దేశాలలో జరిగిన సర్వేలలోను ఇట్లు చెప్పుకొన్నవారు నూటికి ఇరువది, ముప్పది మధ్యనే ఉంటూ వచ్చినారు. మనకు దగ్గరగా, మైసూరు జిల్లా గ్రామాలలో మానసిక వైద్యులు పురుషులను పరీక్షించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో ఈ సమస్య నూటికి దాదాపు తొమ్మిదిమందిలో కనుపించినది. మిక్కిలి కచ్చితమైన వైద్య నిర్వచనాన్ని పాటిస్తే, పుట్టుకతో వచ్చినట్లు మొదటినుండి ఈ లక్షణం ఉన్నవారు నూటికి నలుగురిని మించరని నిపుణుల అంచనా.

ముప్పది ఎక్కడ, నాలుగు ఎక్కడ? ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న అంతరంలోనే ఈ విషయం సారమంతా ఉన్నది. తనకు ఈ వ్యాధి ఉన్నదని బాధపడేవారిలో చాలమందికి వ్యాధి లేదు. ఉన్నది భయం. తనవంటి వారు ఇంకెందరో ఉన్నారని తెలియక, లోకంలో ఈ లోపం తన ఒక్కనికే దాపురించినదని ప్రతివాడూ అనుకొంటున్నాడు.

ఆ భయానికి మూలం, ఎంతసేపు అన్నది ఎవరికీ తెలియకపోవుట. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ కిన్సే అను శాస్త్రజ్ఞుడు వేలకొలది పురుషులను ప్రశ్నించి 1948లో ఒక గ్రంథం ప్రకటించినాడు. వారిలో మూడువంతుల మంది రెండు నిమిషాలలోపలనే స్ఖలిస్తున్నారని ఆయన వ్రాసినాడు. తరువాత 2005లో, అయిదు దేశాలలోని దాదాపు అయిదువందల జంటలు గడియారంతో కొలిచి చూచుకొన్న ఒక అధ్యయనం వెలువడినది. సగం మందికి అయిదున్నర నిమిషాల లోపే ముగిసినది. ఒక్క నిమిషం కూడ నిలువనివారు మొదలుకొని నలుబది నిమిషాలు దాటినవారి వరకు అందులో ఉన్నారు. ఎత్తులో, రంగులో మనుష్యులకు తేడాలున్నట్లే ఇందులోను ఉన్నవి. అరగంట, గంట అని మిత్రులు కల్లు దుకాణం దగ్గర చెప్పుకొనే గొప్పలు, ఈనాడు చేతిలోని ఫోనులో కనిపించే బొమ్మలు, ఈ కొలతలకు అందవు. ఆ బొమ్మలు అంగడి సరకు. వాటిని కత్తిరించి అతికించి అమ్ముతారు. వాటితో తన కాపురాన్ని పోల్చుకొనే యువకుడు, సినిమాలో వీరుడు ఒక్క దెబ్బతో పదిమందిని కూల్చినాడని చూచి, తనకు బలం లేదని ఏడ్చినవానివంటివాడు.

మరి వ్యాధి అనదగినది ఎప్పుడు? అంతర్జాతీయ లైంగిక వైద్య సంఘం నిపుణులు 2008లోను, 2014లోను కూర్చుండి మూడు గుర్తులు నిర్ణయించినారు. మొదటినుండి దాదాపు ఒక నిమిషం లోపలనే స్ఖలనం జరుగుట, లేదా పూర్వం బాగుండి తరువాత మూడు నిమిషాలకు, అంతకు లోపలకు తగ్గిపోవుట ఒకటి. ఇంచుమించు ప్రతిసారీ ఆపుకొనే శక్తి లేకపోవుట రెండవది. దానివల్ల మనస్సుకు బాధ, దాంపత్యానికి ఎడబాటు కలుగుట మూడవది. ఈ మూడూ కలిసినప్పుడే వ్యాధి. పెండ్లియైన క్రొత్తలో, చాల రోజుల ఎడబాటు తరువాత, అలసటలో, ఆందోళనలో అప్పుడప్పుడు జరిగేది వ్యాధి కాదు.

ఎడబాటు అన్నాను గనుక మన ప్రాంతపు సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. మహబూబునగరం, నల్లగొండ మెట్ట భూములలో వానలు మొగం చాటేసిన ఏండ్లలో వేలాది కుటుంబాలు పనికి దేశాంతరం పోయినవి. పాలమూరు లేబరు అన్న మాట దేశంలో ఆనకట్టలు, కాలువలు కట్టిన ప్రతిచోటా వినబడినది. గుంపు మేస్త్రీ వెంట పోయిన యువకుడు ఒకడు నెలలు గడచిన తరువాత పండుగకు ఇంటికి వచ్చినాడనుకొందాము. ఉండేది నాలుగు రోజులు. ఇంట్లో ఉన్నది ఒకే గది. నడుమ ఒక చీర తెర. తెరకు ఆవల తల్లి దగ్గుతూ ఉంటుంది, తమ్ముడు మేలుకొని ఉంటాడు. మాట పైకి రాకూడదు, గాజుల చప్పుడు కాకూడదు. ఆ తొందర, ఆ భయం, ఆ ఎడబాటు కలిసిన రాత్రి అన్నీ త్వరగానే ముగుస్తవి. ఇందులో అతని నరాల తప్పేమున్నది? నాలుగు రోజులూ అట్లే గడచి అతడు తిరిగి గుంపులో కలుస్తాడు. తాను మగవాడు కాడేమోనన్న అనుమానాన్ని మూటలో కట్టుకొని పోతాడు.

ఇక ఆ ఇంట మిగిలిన స్త్రీ సంగతి. ఈ విషయంపై జరిగే చర్చలలో ఆమె మాట తరచుగా మరుగున పడుతుంది. భర్త ముగించి గోడవైపు తిరిగి పడుకొంటాడు. ఒక్క మాట మాట్లాడడు. అతడు సిగ్గుతో మౌనంగా ఉన్నాడని ఆమెకు తెలియదు. తనమీద ఇష్టం లేదనుకొంటుంది. లేదా మరొకతె ఉన్నదనుకొంటుంది. ఆమె అడిగితే ఈమెకు ఇవన్నీ ఎట్లా తెలిసినవని అనుమానం, అడుగకుంటే ఎడబాటు. 2005లో అమెరికాలో దంపతులిద్దరినీ అడిగి చూచిన అధ్యయనంలో, ఈ సమస్య ఉన్న ఇండ్లలో భర్తతో పాటు భార్యకు కూడ తృప్తి తగ్గి, మనస్పర్థలు పెరిగినట్లు తేలినది. బాధ ఇద్దరిదీ అయినప్పుడు దానిని ఒక్కడే దాచుకొనుట, చల్లారని నిప్పును కొంగున కట్టుకొనుటవంటిది.

నెలలు గడుస్తాయి. అత్త, "ఏం బిడ్డా, ఏమన్న విశేషమా?" అని అడుగుతుంది. కోడలు తల వంచుకొంటుంది. ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పవలెను. శీఘ్రస్ఖలనం సంతానహీనత కాదు. స్ఖలనం యోనిలో జరిగినంతవరకు అది త్వరగా జరిగినా, ఆలస్యంగా జరిగినా గర్భం నిలుచుటకు అడ్డు లేదు. ప్రవేశానికి ముందే ప్రతిసారీ జరిగిపోయినప్పుడు మాత్రమే బిడ్డలు కలుగుటకు చిక్కు వస్తుంది. దానికిని చికిత్స ఉన్నది. ఇది నపుంసకత్వమూ కాదు. అంగస్తంభన లేకపోవుట వేరు, ఇది వేరు. ఈ భేదం తెలియక పుట్టింటివారు, అత్తింటివారు పెద్దమనుషుల ముందు పంచాయతీ పెట్టి, ఒకరు పిల్లను గొడ్రాలని, మరొకరు పిల్లవానిని మగవాడే కాడని అన్న తరువాత, ఆ మాటలను వెనుకకు తీసుకొనుట ఎవరి తరం? ఒక నిమిషపు సమస్య ఒక కాపురాన్ని కూల్చినట్లు పైకి కనుపిస్తుంది. నిజానికి కూల్చినది ఆ నిమిషం కాదు. దాని చుట్టూ అల్లుకొన్న మౌనం.

మౌనం నుండి పుట్టే కష్టాలు ఇంకనూ ఉన్నవి. కొందరు యువకులు ఈ భయంతోనే పెండ్లి సంబంధాలను ఏదో నెపంతో తప్పించుకొంటారు. తల్లిదండ్రులకు కారణం అంతుబట్టదు. కొందరు ధైర్యానికని త్రాగుతారు. మత్తు మొదట జాప్యం చేసినట్లు తోచినా, అలవాటైన త్రాగుడు స్తంభన శక్తినే హరిస్తుంది. మన జిల్లాలలో కల్లులో మత్తుమందులు కలిపి అమ్మిన సంగతులు బయటపడినవి. అటువంటి కల్లుకు అలవాటుపడినవారు అది దొరకని రోజున వణకుతూ ఆసుపత్రులకు చేరినారు. తన సిగ్గును కోపంగా మార్చుకొని భార్యమీద చేయి చేసుకొనేవారు కొందరు. ఆ దెబ్బలకు కారణం ఊరికి తెలియదు. ఒక్కొక్కప్పుడు కొట్టినవానికే తెలియదు.

ఈ భయాన్ని పంటగా కోసుకొనేవారే గోడ కాగితాల వైద్యులు. వారి వ్యాపారానికి పెట్టుబడి ఒక పాత నమ్మకం. ఇన్ని బొట్ల రక్తం కలిస్తే ఒక బొట్టు శుక్రమని, అది పోతే ఒంటిలోని సత్తువ పోతుందని మన పల్లెలలో వింటాము. నిజమేమనగా, వీర్యం చాలవరకు శుక్రకోశాలు, ప్రోస్టేట్ గ్రంథి స్రవించే ద్రవం. ఒకసారి వెలువడేది ఒక చెంచా కూడ నిండదు. శరీరం దానిని నిత్యం తయారుచేస్తూనే ఉంటుంది. రక్తం తగ్గదు, నరాలు పీల్చుకొనిపోవు. ధాతువు పోతున్నదన్న భయంతో నీరసించి వైద్యుల వద్దకు వచ్చే యువకుల బాధకు డాక్టర్ ఎన్. ఎన్. విగ్ 1960లో ధాతు సిండ్రోమ్ అని పేరుపెట్టినారు. అటువంటివారికి కావలసినది లేహ్యం కాదు. ఓపికగా చెప్పే మాట, అవసరమైతే దిగులుకు చికిత్స.

ఇటువంటి ప్రకటనలను చట్టం ఏనాడో నిషేధించినది. 1954లో పార్లమెంటు చేసిన ఔషధాలు, మాంత్రిక చికిత్సల ఆక్షేపణీయ ప్రకటనల చట్టం ప్రకారం, లైంగిక సుఖశక్తిని పెంచునని మందులను ప్రకటించుట నేరం. మొదటి తప్పుకు ఆరు నెలల వరకు, మరల చేస్తే ఏడాది వరకు శిక్ష పడవచ్చును. 1959 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానం ఆ చట్టంలో కొన్ని భాగాలను కొట్టివేసినా, అటువంటి వ్యాపార ప్రకటనకు వాక్స్వాతంత్ర్య రక్షణ లేదని తేల్చినది. చట్టం పుస్తకంలో ఉన్నది, కాగితం గోడమీద ఉన్నది. ఆ కాగితాన్ని నమ్మి పోయినవాడు మొదట కొద్ది రూకలతో మొదలిడి, ఈ కోర్సు ఆపితే ప్రమాదమని బెదిరింపబడి, చివరకు భార్య పుస్తెలతాడు కుదువపెట్టే దాకా పోతాడు. మూలికలని ఇచ్చే గుళికలలో చెప్పకుండ కలిపిన అల్లోపతీ మందులు, సీసము, పాదరసం పలుచోట్ల పరీక్షలలో బయటపడినవి. గుండెజబ్బు ఉన్నవారికి, మూత్రపిండాలకు ఇవి అపాయకరం. మోసపోయినవాడు ఫిర్యాదు చేయడు. చేస్తే తన గుట్టు బయటపడునని భయం. ఆ భయమే దొంగకు కాపలా.

సరియైన చికిత్స ఏమి? అది అంత కష్టమైనదీ కాదు, అంత ఖర్చుతో కూడినదీ కాదు. 1956లో జేమ్స్ సీమన్స్ అను అమెరికా వైద్యుడు ఒక సులభమైన అభ్యాసాన్ని వివరించినాడు. స్ఖలనం సమీపిస్తున్నదని తెలిసిన క్షణాన ఆగుట, ఆ వేగం తగ్గేవరకు విశ్రమించుట, మరల ఆరంభించుట. భార్యాభర్తలిద్దరూ కలిసి కొన్ని వారాలు ఓపికతో చేసిన అభ్యాసంవల్ల చాలమందికి స్వాధీనం వస్తుంది. 1970లో మాస్టర్స్, జాన్సన్ అను ఇద్దరు పరిశోధకులు ఈ పద్ధతికి మెరుగులు దిద్దినారు. ఇందులో భార్య సహకారమే సగం మందు. అందుకే మాట కలుపుట చికిత్సలో మొదటి మెట్టు. "నాకు ఈ ఇబ్బంది ఉన్నది, నీమీద ఇష్టం లేక కాదు, మనిద్దరం కలిసి సరిచేసుకొందాము" అని భర్త అన్ననాడే ఆమె గుండెమీద బరువు సగం దిగుతుంది.

అభ్యాసంతో సరిపడనివారికి మందులున్నవి. స్పర్శజ్ఞానాన్ని కొంత తగ్గించే పూతమందులు, మెదడులో సెరటోనిన్ అను పదార్థంపై పనిచేసే మాత్రలు వైద్యులు వ్రాస్తారు. అంగడిలో అడిగి కొనుక్కోవలసినవి కావు. మోతాదు, ఇతర జబ్బులు వైద్యుడే చూడవలెను. ముందు బాగుండి నడుమ వచ్చిన సమస్య అయితే థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయుట, ప్రోస్టేట్ వాపు, స్తంభన లోపం కారణం కావచ్చును. స్తంభన లోపం వెనుక మధుమేహం దాగి ఉండవచ్చును. సిగ్గుపడి దాచినందువల్ల ఆ పెద్ద జబ్బు కూడ దాగిపోతుంది.

ఎవరి దగ్గరకు పోవలెను? ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరు దగ్గరకు పోవచ్చును. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం, మూత్రకోశ వైద్యులు ఉంటే వారిని చూడవచ్చును. యాదగిరిగుట్టకు దగ్గరనే బీబీనగరంలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నది. నోట మాట రానివారు, మనస్సు మరీ క్రుంగినవారు 14416 నంబరుకు ఫోను చేయవచ్చును. 2022లో మొదలైన ఈ టెలీ మానస్ సేవ ఉచితం, తెలుగులోను మాట్లాడతారు. వైద్యులకు కూడ ఒక మనవి. రోగి తనంతట చెప్పడు, మీరే అడుగవలెను. ఇరువది తొమ్మిది దేశాల సర్వేలో, గడచిన మూడేండ్లలో ఈ విషయం తమను డాక్టరు అడిగినాడని చెప్పినవారు పదిమందిలో ఒక్కరు కూడ లేరు. విజయవాడ వైద్యులు డాక్టర్ జి. సమరం తెలుగు పత్రికలలో ఏండ్ల తరబడి ఇటువంటి ప్రశ్నలకు జవాబులు వ్రాసినారు. పేరు లేకుండ ఆయనకు అందిన ప్రశ్నలను చదివినవారికి ఒకటి తెలుస్తుంది: అడిగేచోటు దొరికితే మనవారు అడుగుతారు.

చివరగా గుట్టకే తిరిగి వద్దాము. ఆ కొండ యాదమహర్షి పేర వెలసినది. ఆయన ఋష్యశృంగుని కుమారుడని స్థలపురాణం. ఋష్యశృంగుని కథ మీరెరుగుదురు. స్త్రీ అనగా ఎవరో తెలియకుండ తండ్రి అడవిలో పెంచినాడు. అంగదేశపు వారు వచ్చి పిలుచుకొనిపోయినప్పుడు ఆ కుమారునికి ఏదేమో తెలియలేదు. మనమూ మన కుమారులను ఒక విధంగా అట్లే పెంచుతున్నాము. భేదమొక్కటే. ఋష్యశృంగుని అడవిలో గోడలు లేవు, గోడలమీద కాగితాలు లేవు.

పెండ్లి కుదిరిన కొడుకును ప్రక్కకు పిలిచి, తండ్రియో మేనమామయో, "మొదట్లో తొందర, తడబాటు అందరికీ ఉంటవి, భయపడకు, చాల రోజులు బాధిస్తే డాక్టరున్నాడు, సిగ్గుపడకు" అని చెప్పుటకు నిమిషం చాలును. కూతురికి తల్లియో పిన్నియో అదే మాట చెప్పవచ్చును. పసుపు కుంకుమలతో పాటు ఆ ఒక్క మాటను కూడ మూటగట్టి పంపితే, కొండ దిగే జంట గోడలవైపు చూడవలసిన పని ఉండదు.